పులికాట్‌లో ఫ్లెమింగోలను బెదరగొట్టకుండా చూడడం ఎలా?

పులికాట్ సరస్సుకు వెళ్లినవాళ్లలో చాలామంది ఫ్లెమింగోలు గుంపుగా లేచి ఎగరడం చూసి మురిసిపోతారు. మనిషి అలికిడికి లేచిన పక్షి మేత మానుకుని లేచిందని మాత్రం మరచిపోతారు. అవి నిమ్మళంగా మేస్తుండగా చూడాలి. అసలు వింత అక్కడే ఉంది.

ముందు కాలం చూసుకోండి. ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన సమయం. చెన్నై–గూడూరు రైలు మార్గంలో సూళ్లూరుపేట దగ్గర దిగి శ్రీహరికోట రోడ్డు పట్టుకోండి. అది సరస్సు మధ్యగా తూర్పుకు సాగుతుంది. ఉదయం ఉత్తరం వైపు నీళ్లలో వెతకండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ మీ వెనక నుంచి పడి రంగులు తేటగా కనిపిస్తాయి. దక్షిణం వైపు చూస్తే కళ్లు చెదిరే మెరుపులో పక్షులన్నీ నల్లగానే ఉంటాయి.

బండిని రాకపోకలకు అడ్డం లేకుండా పక్కకు ఆపండి. హారన్ కొట్టవద్దు, బురదలోకి దిగవద్దు. బైనాక్యులర్ తప్పనిసరి.

తెల్లని ఒళ్లు, గులాబీ కాళ్లు, మధ్యలో కిందికి వంగిన గులాబీ ముక్కు, దాని కొన నలుపు: ఇది పెద్ద ఫ్లెమింగో. ముక్కు పొడవుగా, పసుపుగా ఉంటే అది ఎర్రకాళ్ల కొంగ. ఫ్లెమింగోల మధ్య బూడిద రంగులో కనిపించేవి వయసుకు రాని పిల్లలు. తినే తిండిలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్ల వాటికి క్రమంగా గులాబీ రంగు వస్తుంది.

ఇప్పుడు ఒకే ఒక్క పక్షిని ఎంచుకుని, దాన్నే చూస్తూ ఉండండి. తలను తలకిందులుగా నీళ్లలో ముంచుతుంది. ఉన్నచోటే కాళ్లతో బురద తొక్కుతూ, అడుగున ఉన్న పురుగులను పైకి లేపుతుంది. నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి నెడుతుంది. ముక్కు అంచుల్లోని సన్నని పొరలు జల్లెడలా పనిచేసి చిన్న రొయ్యలను, పురుగులను, నాచును ఆపేస్తాయి. ఇదంతా చూడాలంటే ఓపిక పట్టాలి, దాని తల మళ్లీ మళ్లీ పైకి వచ్చి మునుగుతూ ఉంటుంది.

ఆ తలల మీదే మీ కన్ను ఉండాలి. మెడలన్నీ ఒక్కసారిగా నిక్కి, మేత ఆగి, గుంపు ఒకవైపు నడక మొదలుపెట్టిందంటే మీరు మరీ దగ్గరైపోయారన్నమాట. ఫోటో సంగతి పక్కనపెట్టి మెల్లగా వెనక్కి జరగండి. డ్రోన్ జోలికి అసలు పోవద్దు.

నీరు తగ్గి గుంపులు కంటికి అందనంత దూరంలో ఉంటే బురదకు అడ్డంపడి వెళ్లకుండా, సూళ్లూరుపేట నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లండి. అక్కడ నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటాయి.