వీసీ (యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్) గారి జీతం ఎంతో తెలుసుకోవాలంటే (బెంగళూరులో ఉన్న మనవాళ్ళకి)

మొన్న మారతహళ్ళిలో టీ తాగుతుంటే మా ఫ్రెండ్ అడిగాడు, ఫీజులు పెంచుతున్నారు సరే, వీసీకి ఎంతిస్తున్నారో మనకి చెప్తారా అని. చెప్తారు, అడగాలంతే.

ముందు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఆర్టీఐ (అంటే సమాచార హక్కు చట్టం) పేజీ చూడండి, 2005 నాటి ఆ చట్టం సెక్షన్ 4 ప్రకారం ప్రతి ఆఫీసర్ నెల జీతం వాళ్ళే పెట్టాలి, కానీ చాలాచోట్ల పాత పీడీఎఫ్ ఒకటి పడేసి ఉంటుంది. బేసిక్ అయితే దాపరికమేం లేదు, యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఏడో పే స్కేల్‌లో వీసీకి నెలకి 2,10,000, పైన స్పెషల్ అలవెన్స్ 11,250. అసలు కథంతా మిగతా వాటిలోనే ఉంటుంది, బంగ్లా, కారు, డ్రైవర్, ఫోన్ బిల్లు, ఫారిన్ టూర్లు, మీటింగుల్లో కూర్చున్నందుకిచ్చే సిట్టింగ్ ఫీజులు.

అందుకే ఆర్టీఐ అప్లికేషన్‌లో "జీతం ఎంత" అని ఊరికే అడక్కండి, ఏ ఆర్థిక సంవత్సరమో రాసి, హెడ్ వారీగా (దేనికెంత అని విడివిడిగా) ఖర్చు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాపీ అడగండి. ఐటీ రిటర్న్స్, లోన్లు జోలికి పోతే వ్యక్తిగతం అని తిప్పి కొడతారు. కర్ణాటకలో ఒకటే సబ్జెక్ట్, 150 పదాల్లోపు ఉండాలి, ఫీజు 10 రూపాయలు. తెలుగులో రాస్తే కుదరదండోయ్, కన్నడలోనో ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి, ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ అయితే కేంద్రం పోర్టల్ వేరే.

30 రోజుల్లో జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు ఫస్ట్ అప్పీల్, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లో ఇన్ఫర్మేషన్ కమిషన్‌కి. రసీదు మాత్రం పారేయకండి, నేను ఒకసారి పారేసి మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టా.