చెక్కడం నేర్చుకుందాం – 6వ పాఠం: మన పీట, ఐరోపా పువ్వు

గత పాఠంలో కత్తికి పదును పెట్టాం. ఈసారి ఆ కత్తితో పీట అంచున ఆరు రేకుల పువ్వులు చెక్కుదాం. పీట మనది. చెక్కే తీరు మాత్రం స్విట్జర్లాండ్, జర్మనీ, నెదర్లాండ్స్ పల్లెల్లో పెట్టెల మీదా ఇంటి సామాను మీదా చెక్కే పద్ధతి. దీన్ని చిప్ కార్వింగ్ అంటారు.

కత్తి పట్టుకునే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. రెండు సంప్రదాయాలను కలిపేటప్పుడు ఏది ఎక్కడి నుంచి తీసుకుంటున్నాం? ఉదాహరణకి, 1881లో లాక్‌వుడ్ డి ఫారెస్ట్ అనే అమెరికన్ అహ్మదాబాద్ వచ్చి, మగన్‌భాయ్ హఠీసింగ్‌తో కలిసి చెక్కడపు పనుల కార్ఖానా పెట్టాడు. అక్కడి వడ్రంగులు తమ ఇళ్ల మీదా గుళ్ల మీదా తరతరాలుగా చెక్కిన లతల్నీ జాలీల్నీ (చిల్లుల అల్లికల్నీ) టేకు మీద చెక్కితే, అవి అమెరికా ఇళ్లలో కుర్చీలుగా, సోఫాలుగా, గోడ పలకలుగా కుదురుకున్నాయి. న్యూయార్క్‌లో 1887లో ఆయన కట్టుకున్న ఇంటి ముందు టేకు కిటికీ ఇప్పటికీ ఉంది. ఆ సామానులో నాకు నచ్చేది దాని క్రమశిక్షణ. కుర్చీ ఆకారం పడమటిది, చెక్కడం గుజరాత్‌ది, రెండూ ఒకదాని పనిలో ఒకటి వేలు పెట్టవు. ఒకే సోఫాకి నెమలి, డ్రాగన్, గులాబీలు అన్నీ తగిలిస్తే అతుకుల బొంత అవుతుంది. అలాంటివి షోరూముల్లో చూస్తే, చెక్కిన చేతుల శ్రమ వృథా అయిందే అని బాధేస్తుంది.

మనం తిరగేసి చేద్దాం: ఆకారం ఇక్కడిది, చెక్కడం అక్కడిది. పీటకి చిప్ కార్వింగే ఎందుకంటే, ఇందులో చెక్క పైతలం అలాగే ఉంటుంది, గుంట మాత్రమే లోపలికి దిగుతుంది. ఉబ్బెత్తుగా ఏదీ పైకి లేవదు కాబట్టి కూర్చున్నవాళ్లకి గుచ్చుకోదు. పైగా ఆరు రేకుల పువ్వు మన ముగ్గుల్లోనూ ఉన్నదే, పీట మీద పరాయిగా కనిపించదు.

చెక్క: గుమ్మడి టేకు తీసుకోండి. మెత్తన, నార సమంగా ఉంటుంది. మామూలు టేకు త్వరగా కత్తి పదును తినేస్తుంది, నేర్చుకునేవాళ్లకి వద్దు. పీట పొడవు 45 సెం.మీ., వెడల్పు 35 సెం.మీ., మందం 25 మి.మీ. సాండ్ పేపర్ పని అంతా ఇప్పుడే ముగించండి. చెక్కాక రుద్దితే అంచుల పదును పోతుంది. అంతేకాక చెక్కలో ఇరుక్కున్న ఇసుక రేణువులు కత్తిని మొద్దుబారుస్తాయి.

గీత: కంపాస్‌ని 3 సెం.మీ.కి తెరిచి వృత్తం గీయండి. కంపాస్ కదపకుండా, వృత్తం మీద ఒక చుక్కతో మొదలుపెట్టి చుట్టూ ఆరు చుక్కలు పెట్టండి. ప్రతి చుక్కనీ కేంద్రం చేసుకుని వృత్తం లోపల చాపం గీస్తే ఆరు రేకులూ వాటంతటవే వస్తాయి. రేకు నడుమ వెడల్పు సుమారు 8 మి.మీ. ఉంటుంది. పొట్టి అంచులు రెండింటి వెంటా ఐదేసి పువ్వులు చాలు. పీట అంచుకీ వృత్తానికీ మధ్య ఒకటిన్నర సెం.మీ. వదలండి, లేకపోతే అక్కడి చెక్క పెళుసుగా విరుగుతుంది.

ఇక కోత. కత్తిని పెన్సిల్ గీత మీద పెట్టి, మొన రేకు నడిమి వైపు చూసేలా 45 డిగ్రీలు వాల్చండి. బొటనవేలు పిడిని వదలకూడదు, దాని కొస చెక్క మీద ఆని ఉండాలి. వేళ్లతో కాదు, మోచేయి కదిలిస్తూ లాగండి. రేకు కొస దగ్గర కత్తి పైపైన మొదలై, నడుమకి వచ్చేసరికి 4 మి.మీ. లోతుకి దిగి, రెండో కొస దగ్గర మళ్లీ పైకి తేలాలి. చెక్కని తిప్పి రెండో గీత మీదా ఇలాగే కోయండి. రెండు కోతలూ అడుగున కలిస్తే పొట్టు ఒక్క ముక్కగా, చిన్న పడవలా ఊడి వస్తుంది. ఊడకపోతే పెకిలించవద్దు, మొదటి కోత మీదే మళ్లీ ఒకసారి కత్తి నడపండి.

మొదట్లో ఒకేసారి అంత లోతు రాదు, టెన్షన్ పడకండి. గీతకి 2 మి.మీ. లోపలగా చిన్న పొట్టు తీసేసి, తర్వాత గీత దాకా వెడల్పు చేయండి.

పాడయ్యేది ఎక్కువగా పువ్వు కేంద్రమే. ఆరు మొనలూ ఒక్కచోట కలిస్తే మధ్యలో సన్నని చెక్క పిడచ రాలిపోతుంది. కాబట్టి ప్రతి రేకునీ కేంద్రానికి ఒక మి.మీ. ముందే ఆపండి. రేకులన్నీ ఒకే లోతుకి దిగాయో లేదో చూడాలంటే పీటని కిటికీ దగ్గర ఏటవాలు వెలుగులో పెట్టండి. లోతు తక్కువైన రేకులో నీడ పలచగా ఉంటుంది.

పీటని ముట్టుకోకముందు ఇదే చెక్క తుంట మీద ఒక వరస పువ్వులు చెక్కండి. మిగిలిన పెన్సిల్ గీతలు రబ్బరుతో చెరపండి. పీట నడిమి భాగం ఖాళీగానే ఉంచండి, అక్కడ ఏమీ చెక్కం. వచ్చే పాఠంలో పీట కింద అడ్డచెక్కల ముఖాన, మన రథాల మీద కనిపించే లతని ఉబ్బెత్తుగా చెక్కుదాం. దానికి గుండ్రటి అంచున్న ఉలి ఒకటి సిద్ధం చేసుకోండి.