అరకు యాత్రకు ముందు మోకాలి నొప్పి ఎలా తగ్గిందంటే
విశాఖపట్నం నుంచి అరకు దాకా, సుమారు 115 కిలోమీటర్లు, ఎనిమిది మందిమి కలిసి సైకిళ్ల మీద వెళ్లాలని నిశ్చయించుకుని, ఆదివారాల్లో భీమిలి బీచ్ రోడ్డు మీద సాధన మొదలుపెట్టిన మూడో వారానికే నా కుడి మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి పట్టుకుంది. మొదట వయసును నిందించాను, తప్పు సీటుది. అది మరీ కిందికి ఉండటంతో తొక్కిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుంటోంది. గోడను పట్టుకుని సీటు మీద కూర్చుని, మడమను పెడల్ మీద ఉంచి, పెడల్ అట్టడుగుకు వచ్చినప్పుడు కాలు నిటారుగా చాపగలిగే దాకా సీటును కొద్దికొద్దిగా పెంచాను. శృంగవరపుకోట దాటాక వచ్చే ఘాట్ కోసం తేలిక గేరులో కాళ్లు వేగంగా తిప్పడం కూడా అలవాటు చేసుకున్నాను. రెండు వారాల్లో నొప్పి పోయింది. సీటు గొట్టానికి కొత్త ఎత్తు దగ్గర టేపు చుట్టాను, ఎందుకంటే సైకిలు తీసుకెళ్లే మా తమ్ముడు ప్రతిసారీ సీటు దించేస్తాడు.