నీటి శుద్ధి పాఠాలు – 7: బ్లీచింగ్ లెక్క, మరోసారి

ఈసారి బ్రేక్‌పాయింట్ చెబుతానన్నాను. చెబుతాను, కానీ చివర్లో, అదీ కొంచెమే. రోజుకు బ్లీచింగ్ పౌడర్ ఎన్ని కిలోలు కావాలని గత పాఠంలో ఇచ్చిన లెక్కకు చాలామంది 5.5 కిలోలని జవాబు రాశారు. ఆ లెక్క తేలకుండా ముందుకెళితే వచ్చే నాలుగు పాఠాలూ గాల్లో కట్టిన మేడలే.

లెక్క ఇదీ. రోజుకు 8 ఎంఎల్‌డీ నీళ్లు, అంటే 80 లక్షల లీటర్లు. నీటిలోని మలినాలు తినేసే క్లోరిన్ లీటరుకు 1.8 మి.గ్రా. అరగంట తర్వాత 0.5 మిగలాలి. రెండూ కలిపితే డోసు 2.3. లీటరుకు ఒక మి.గ్రా. అంటే పది లక్షల లీటర్లకు ఒక కిలో, కాబట్టి దాన్ని ఎనిమిదితో గుణిస్తే రోజుకు 18.4 కిలోల క్లోరిన్. ఇక్కడిదాకా అందరూ సరిగ్గానే వచ్చారు. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ 30 శాతం అనగానే చెయ్యి దానంతటదే 0.30తో గుణించేసింది.

ఒక్క క్షణం ఆగి బస్తాను తలచుకోండి. అందులో మూడో వంతు కూడా లేదు మనకు కావలసిన సరుకు, మిగతాదంతా సున్నం వగైరా. 18.4 కిలోల క్లోరిన్ కావాలంటే అంతకంటే తక్కువ పొడి ఎలా సరిపోతుంది? భాగించాలి. 18.4ను 0.30తో భాగిస్తే 61.3 కిలోలు. సూత్రాన్ని త్రికోణంలో రాసుకుని ఏది మూస్తే ఏది వస్తుందో చూసుకునే పద్ధతి కొందరు నేర్పుతారు. నాకది గిట్టదు. పరీక్ష హాల్లో పనికొస్తుందేమో గానీ, రాత్రి రెండింటికి పంపుల మోతలో త్రికోణం గుర్తుకు రాదు. పొడి బరువు క్లోరిన్ బరువు కంటే ఎప్పుడూ ఎక్కువే అన్న ఒక్క మాట పట్టుకోండి.

పాత బస్తా అయితే శాతం ఇంకా పడిపోతుంది. 20 శాతానికి దిగితే అదే డోసుకు 92 కిలోలు కావాలి. అందుకే బస్తా మీద అచ్చేసిన అంకెను నేను నమ్మను, టైట్రేషన్ చేసి, అంటే రసాయన పరీక్షతో అసలు శాతం కొలిచి చూస్తాను.

ఇప్పుడు అసలు చిరాకు పుట్టించే విషయం: “ఒక శాతం ద్రావణం కలుపు.” దేనిలో ఒక శాతం? వంద లీటర్ల నీళ్లలో కిలో పొడి వేసి ఒక శాతం అనేవాళ్లున్నారు. పొడి లెక్కన అది ఒక శాతమే, క్లోరిన్ లెక్కన 0.3 మాత్రమే. డోసింగ్ పంపు మాత్రం క్లోరిన్ లెక్కతోనే సెట్ చేసి ఉంటుంది. ఫలితం, కావలసినదాంట్లో మూడో వంతు కూడా పడదు. క్లోరిన్ ఒక శాతం రావాలంటే 30 శాతం పొడి వంద లీటర్లకు 3.3 కిలోలు వేయాలి. కలిపి, సున్నం అడుక్కి దిగనిచ్చి, పైన తేరిన నీళ్లే వాడాలి. లాగ్‌బుక్కులో “1% ద్రావణం” అని వదిలేయకండి. “1% క్లోరిన్” అని రాయండి. షిఫ్టు మారినప్పుడు గొడవలు సగం ఇక్కడే పుడతాయి.

ఆ ద్రావణం రోజుకు 1840 లీటర్లు పోవాలి. గంటకు దాదాపు 77 లీటర్లు, నిమిషానికి 1280 మి.లీ. పంపు డయల్ చూసి తృప్తిపడకండి. గొట్టం కొస కింద కొలజాడీ పట్టుకుని నిమిషం లెక్కపెట్టండి.

నీటిలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే డీపీడీ పరీక్ష గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మాత్ర వేస్తే గులాబీ రంగు వస్తుంది, పోల్చి చదువుతారు. ఒక్క ఉచ్చు మాత్రం ఉంది. నా మొదటి ఏడాది నైట్ షిఫ్టులో మాత్ర వేయగానే గులాబీ మెరిసి మాయమైంది, పరీక్ష గొట్టంలో నీళ్లు రంగు లేకుండానే మిగిలాయి. క్లోరిన్ లేదనుకుని డోసు పెంచాను. మళ్లీ అదే, మళ్లీ పెంచాను. నిజానికి క్లోరిన్ విపరీతంగా ఉండి రంగునే విరిచేసింది. తెల్లవారి పైఅధికారి చెప్పింది ఇక్కడ రాయలేను. అనుమానం వస్తే ఒక వంతు నమూనాకు తొమ్మిది వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించి, వచ్చినదాన్ని పదితో గుణించండి.

ఇక బ్రేక్‌పాయింట్. నీటిలో అమ్మోనియా ఉంటే క్లోరిన్ ముందు దానితో కలిసి క్లోరమైన్లు అవుతుంది. దేనితోనూ కలవకుండా మిగిలినది ఫ్రీ క్లోరిన్, దానికి క్లోరమైన్లలోనిది కలిపితే టోటల్ క్లోరిన్. డోసు పెంచుకుంటూ పోతే టోటల్ క్లోరిన్ మొదట పెరుగుతుంది, తర్వాత పడిపోతుంది, ఆపైన మళ్లీ పెరుగుతుంది. ఆ అట్టడుగు చోటే బ్రేక్‌పాయింట్. అమ్మోనియాలోని నైట్రోజన్ లీటరుకు 0.5 మి.గ్రా. అనుకోండి. డోసు 2 దగ్గర టోటల్ 1.7, 3 దగ్గర 1.1, 4 దగ్గర 0.3, 5 దగ్గర 1.2 ఇలా ఉండొచ్చు. చివరి దాంట్లోనే చాలా వరకు ఫ్రీ క్లోరిన్. లెక్క ప్రకారం నైట్రోజన్‌కు 7.6 రెట్లు క్లోరిన్ చాలు, ఆచరణలో పది రెట్ల దాకా పోతుంది. నీళ్లు ఘాటుగా క్లోరిన్ వాసన కొడుతున్నాయని డోసు తగ్గించే ముందు ఈ వంపు గుర్తు చేసుకోండి. ఆ వాసన డైక్లోరమైన్ అనే ఒక రకం క్లోరమైన్‌ది కావచ్చు, అప్పుడు పెంచితేనే పోతుంది.

అభ్యాసం. ఒక రోజు పడుతుంది, ముందే చెబుతున్నా. ఫిల్టర్ దాటి ఇంకా క్లోరిన్ తగలని నీళ్లు పది సీసాల్లో లీటరు చొప్పున తీసుకోండి. 1% క్లోరిన్ ద్రావణాన్ని పది రెట్లు పలచన చేస్తే మి.లీ.కు 1 మి.గ్రా. మొదటి సీసాకు ఒక మి.లీ., రెండోదానికి రెండు, అలా పదిదాకా. చీకట్లో 30 నిమిషాలు ఉంచి ఒక్కోదాంట్లో ఫ్రీ, టోటల్ రెండూ కొలిచి గ్రాఫ్ కాగితం మీద గీయండి. సీసాలన్నిటికీ ఒకేసారి మందు వేసేయకండి. కొలవడానికి పట్టే సమయమంత ఎడం ఇచ్చుకుంటూ వేయండి, లేకపోతే పదో సీసాకు చేరేసరికి దాని అరగంట కాస్తా గంటవుతుంది.