షుగర్ ఉన్న అమ్మాయి నెల తప్పకముందే చూసుకోవాల్సినవి

మన శ్రీకాకుళం వైపు కోడలు నెల తప్పిందని తెలిశాకే ఆస్పత్రి, టెస్టులు, మందులు మొదలవుతాయి. షుగర్ ఉన్న అమ్మాయికి మాత్రం అప్పటికే ఆలస్యమైపోతుంది. కడుపులో పడ్డ మూడు వారాలకే బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఎనిమిది వారాలయ్యేసరికి గదులు, గోడలు, కవాటాలు దాదాపు తయారైపోతాయి. ఆ రోజుల్లో తల్లికి షుగర్ ఎక్కువగా ఉంటే గుండె గోడలో రంధ్రం మిగిలిపోవచ్చు, పెద్ద రక్తనాళాలు తారుమారు కావచ్చు. మామూలుగా 100 మంది పిల్లల్లో ఒకరికి గుండె లోపం ఉంటుంది. ముందునుంచీ షుగర్ ఉన్న తల్లుల పిల్లల్లో అది మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ. అయినా ఎక్కువమంది బిడ్డలు మంచి గుండెతోనే పుడతారు. కాబట్టి భయపడి పిల్లలే వద్దనుకోకండి.

పిల్లల కోసం అనుకున్నప్పుడే, కనీసం మూడు నెలల ముందు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి. 6.5 శాతం లోపు ఉంటే మంచిది. 10 దాటితే అది దిగేదాకా ఆగాలి. ఫోలిక్ యాసిడ్ ఎంత మోతాదు వేసుకోవాలో డాక్టరుని అడగండి, షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువే రాస్తారు. కొన్ని బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు బిడ్డకు మంచివి కావు. అలాగని మీ అంతట మీరు మానేయకండి, డాక్టరుతో మార్పించుకోండి. చోడి (రాగి) అంబలి ఎంత తాగినా షుగర్ పెరగదన్న మాట కూడా నమ్మకండి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది దాచడం. సంబంధం చెడిపోతుందని పెళ్లికి ముందు షుగర్ మాట ఎత్తరు. పెళ్లయ్యాక అమ్మాయి అత్తారింట్లో ఇన్సులిన్ చాటుగా వేసుకుంటుంది, ఇంట్లో జనం ఉన్న రోజు మానేస్తుంది. అమ్మా, కనీసం మీ ఆయనకైనా చెప్పండి. అత్తమ్మలూ, ఆ సూది మీ మనవడి గుండె కోసం కూడానని తెలుసుకోండి.

గర్భం వచ్చాక 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌తో పాటు బిడ్డ గుండెను ప్రత్యేకంగా చూసే ఫీటల్ ఎకో స్కాన్ అడిగి చేయించుకోండి. గర్భంలోనే కొత్తగా షుగర్ వచ్చినవాళ్లకు ఈ లోపాల భయం తక్కువ. కానీ చివరి నెలల్లో అదుపు తప్పితే బిడ్డ గుండె గోడ మందమవుతుంది. పుట్టాక కొన్ని నెలల్లో అది చాలామందికి సర్దుకుంటుంది.

పురిటికి పుట్టింటికి వెళ్లేటప్పుడు స్కాన్లు, రిపోర్టులు ఉన్న ఫైలు వెంట తీసుకెళ్లండి. ఎకోలో లోపం కనబడితే కాన్పు ఎక్కడన్నది ముందే తేల్చుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం 200 కిలోమీటర్లు దాటుతుంది, పుట్టిన బిడ్డతో అంత దూరం పరుగెత్తడం ప్రమాదం.

బిడ్డ పుట్టిన గంటలోపే పాలు పట్టండి, బిడ్డకు షుగర్ పడిపోకుండా పరీక్షలు చేయించండి. ఇంటికి బయల్దేరే ముందు బిడ్డ కుడిచేతికి, పాదానికి పల్స్ ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే పరికరం) పెట్టి చూడమనండి. కొన్ని గుండె లోపాలు మొదటి రెండు మూడు రోజులు బయటపడవు. పాలు తాగుతూ మధ్యమధ్యలో ఆగి ఆయాసపడటం, నుదుట చెమట పట్టడం, నాలుక నీలమెక్కడం కనబడితే ఉక్కపోత అనుకుని ఊరుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.