విదేశాల్లో గాలి నాణ్యత హెచ్చరికను ఎలా చదవాలి?

పరాయి దేశంలో గాలి నాణ్యత హెచ్చరిక అందినప్పుడు అందులోని అంకెను మనకు అలవాటైన కొలమానంతో పోల్చుకోకూడదు. గాలి నాణ్యత సూచీ 150 అంటే భారతదేశపు వర్గీకరణలో ‘మధ్యస్థం’, అమెరికాలో అది పిల్లలకు, వృద్ధులకు, ఉబ్బసం లేదా గుండెజబ్బు ఉన్నవారికి హానికరమని చెప్పే నారింజ రంగు వర్గం, సింగపూర్‌లో ‘అనారోగ్యకరం’. కెనడా, బ్రిటన్‌లలో సూచీ 1 నుంచి మొదలై 10 దగ్గరే ఆఖరి మెట్టుకు చేరుతుంది కనుక, అక్కడ 7 అంటేనే ముప్పు అధికమని అర్థం. అందువల్ల ముందుగా వర్గం పేరును, దానితో ఇచ్చిన ఆరోగ్య సూచనను చదవాలి.

ఆ సమాచారం అధికారిక సంస్థదే కావాలి: అమెరికాలో ఎయిర్‌నౌ అనే ప్రభుత్వ వెబ్‌సైట్, సింగపూర్‌లో జాతీయ పర్యావరణ సంస్థ వంటివి. ఫోన్‌లోని వాతావరణ యాప్ వేరే దేశపు కొలమానాన్ని చూపుతూ ఉండవచ్చు.

అంకె ఎంత సేపటి సగటో కూడా గమనించాలి. సింగపూర్ సూచీ 24 గంటల సగటు. పొగ హఠాత్తుగా కమ్ముకున్నప్పుడు అది వెంటనే పెరగదు కాబట్టి, బయటికి వెళ్లే ముందు అక్కడే ప్రకటించే గంటవారీ పీఎం 2.5 (గాలిలోని సూక్ష్మ ధూళి) విలువను చూడాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, హెచ్చరిక ఏ కాలుష్యం గురించి వచ్చిందో తెలుసుకోవాలి. జాగ్రత్త దానినిబట్టే మారుతుంది. కార్చిచ్చు పొగలాంటి సూక్ష్మ ధూళి అయితే కిటికీలు మూసి, ఏసీ బయటి గాలిని లోపలికి లాగకుండా అమర్చి, సూక్ష్మ ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్‌ను ఒక గదిలో నడపాలి. ఇంట్లో అగరువత్తులు, కొవ్వొత్తులు వెలిగించకూడదు. తప్పనిసరిగా బయటికి వెళ్లవలసి వస్తే ముఖానికి బిగుతుగా అతికే ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు ధరించాలి, ఎందుకంటే గుడ్డ మాస్కు ఈ ధూళిని సరిగా ఆపదు. ఓజోన్ హెచ్చరికకు మాత్రం ఈ మాస్కులేవీ పనికిరావు, అది వాయువు. ఎండ వేడికి మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు ఓజోన్ ఎక్కువగా ఉంటుంది కనుక పరుగు, శ్రమతో కూడిన పనులు ఉదయాన్నే ముగించుకోవడం మేలు.

ఆయాసం, ఛాతీ నొప్పి కలిగితే సూచీ ఎంత తక్కువగా ఉన్నా ఆ దేశపు అత్యవసర నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. ఆ నంబరును ముందే రాసి పెట్టుకోవాలి. కార్చిచ్చు సమయంలో ఊరు ఖాళీ చేయమని ఆదేశం వస్తే, ఇంట్లోనే ఉండమన్న పాత సూచన ఇక వర్తించదు.