కూల్‌డ్రింక్ యాడ్‌ని విడదీసి చూడటం ఎలా?

హైదరాబాద్‌లో ఎండలు మొదలయ్యాయంటే మెట్రో పిల్లర్ల మీద, బస్టాపుల్లో, ఐపీఎల్ ఓవర్ల మధ్యలో అన్నీ కూల్‌డ్రింక్ యాడ్‌లే. మా పిల్లలకు వేమన పద్యం కంటే ముందు ఆ డైలాగులే నోటికొచ్చాయి. ఆ బాధతోనే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో యాడ్‌ని విప్పి చూపించడం మొదలుపెట్టాను. బడిలో చదువుకున్న అలంకారాలు గుర్తుంటే చాలు.

ముందు ఫోన్‌లో యాడ్ పెట్టి, సౌండ్ తీసేసి చూడండి. సీసాకు చెమటలా పట్టిన నీటిచుక్కలు, ఎండకు వాడిన ముఖం, ఒక గుటక, వెంటనే నవ్వు. ఒక్క మాట లేకుండానే దాహం వేస్తుంది. తాగడం ఎన్ని సెకన్లు చూపించారో, మిగతాది ఎన్ని సెకన్లో రాసుకోండి.

రెండోసారి కళ్లు మూసుకుని వినండి. ‘ఠండా మత్లబ్ కోకా-కోలా’ గుర్తుందా? ఆమిర్ ఖాన్ చేసిన ఆ వరుస యాడ్‌లలో ఒకదానిలో ఆయన హైదరాబాదీ దుకాణదారుడు. హిందీలో ఠండా అంటే చల్లనిది, మత్లబ్ అంటే అర్థం. ‘ఠండా అంటే కోకా-కోలాయే’ అని ఆ మాట. దుకాణంలో అడిగితే ఏ కూల్‌డ్రింకైనా ఠండాయే. మంచులా చల్లన అంటే ఉపమ. చల్లదనమే తాను అంటే రూపకం. అందరూ వాడుకునే మాటని ఒక కంపెనీ తన పేరుకు కట్టేసుకుంది. యాడ్ వాక్యాల్లో ఇంత పదునైనది నేనింకోటి వినలేదు. థమ్సప్ వాళ్ల ‘టేస్ట్ ద థండర్’ అయితే అతిశయోక్తి. గ్యాస్‌కి నాలుక చురుక్కుమనడాన్ని ఉరుముని చేశారు.

తర్వాత, చెప్తున్నది ఎవరో చూడండి. ఒప్పించడానికి మూడు దారులున్నాయన్నాడు అరిస్టాటిల్: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి ఉద్వేగం, తర్కం. తెలుగులో థమ్సప్‌కి చిరంజీవి, మహేశ్ బాబు, విజయ్ దేవరకొండ చేశారు. వాళ్ల మీద మనకున్న అభిమానం మొదటి దారి. సాహసాలు, స్నేహితులు, పండగ భోజనం రెండోది. కాగితం మీద మూడు గడులు గీసి నింపండి. తర్కం గడి చాలాసార్లు ఖాళీగా మిగులుతుంది.

ఇప్పుడు యాడ్ మొత్తాన్ని ఒక్క మామూలు వాక్యంగా రాయండి: ‘ఇది తాగితే ధైర్యం వస్తుంది.’ ఆ మాట యాడ్‌లో ఎక్కడుందో పిల్లల్ని వెతకమనండి. దొరకదు. సీసానీ సాహసాన్నీ పక్కపక్కన చూపించారు, ముడివేసుకున్నది మనం. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే. అనని మాటని ఎవరూ అబద్ధం అనలేరు కదా. టీవీలో మద్యం యాడ్‌లు నిషేధం కాబట్టి అదే పేరుతో సోడా, మ్యూజిక్ సీడీలు చూపించిందీ ఈ పద్ధతిలోనే. 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి చాటు ప్రకటనలు కూడదన్నాయి.

చివరగా సీసా వెనక లేబుల్ చదవండి. 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల చక్కెర అని ఉంటే, 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములు, అంటే దాదాపు ఆరు టీ చెంచాలు. అంత చక్కెరని పిల్లల చేతే చెంచాలు లెక్కపెట్టించి ఖాళీ గ్లాసులో పోయించండి. ఆ గ్లాసుని టీవీ పక్కన పెట్టి యాడ్ మళ్లీ వేయండి, ఈసారి సౌండ్‌తో.